తపస్సు మాను కింద అరవై వయొలిన్లు

అరవై మంది అని చెప్పింది నేనే. ఆ నేరం ఇంకెవరి మీదికీ తోసే వీలు లేదు.

2006 ఏప్రిల్ నెల. మా పెదనాయన మునివెంకటప్ప కరపత్రాలు అచ్చేయించడానికి చిత్తూరు వచ్చి, ఎండ తగ్గేదాకా మా ఇంట్లో నడుం వాల్చాడు. ఆయన చింతమాకులపల్లెలో ధర్మరాజుల గుడికి ధర్మకర్త. మా వైపు ఊళ్ళలో ఎండాకాలం వచ్చిందంటే ఆ గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం కథ చెప్తారు, రాత్రి నాటకం ఆడతారు. మధ్యలో ఒక రోజు మాత్రం పట్టపగలే అర్జున తపస్సు. యాభై అడుగుల తాటిమాను పాతి, మూడడుగులకొక మెట్టు కొట్టి, పైన చిన్న మంచె కడతారు. అర్జునుడి వేషం కట్టినాయన పాశుపతాస్త్రం కోసం పద్యాలు పాడుతూ ఆ మాను ఎక్కుతాడు. పైకి చేరాక నిమ్మకాయలు కిందికి విసురుతాడు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ పడుకొని ఆ నిమ్మకాయ కోసం కాచుకొని ఉంటారు. ఆ రోజుకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఖాళీ అయి అక్కడికే వస్తాయి.

నా పేరు జయంతి. పగలంతా ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్యాలీ చెప్పేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే నా అసలు ఉద్యోగం మొదలయ్యేది. నేను సంగీతం రాసేదాన్ని. చిన్నాచితకా సంగీతం కాదు, వయొలిన్లు, వాటికి పెద్దన్నల్లాంటి చెల్లోలు, కొమ్ముబాకాలు, పెద్ద పెద్ద డోళ్ళు ఉన్నది. అంత వాద్యబృందాన్ని చిత్తూరులో ఎక్కడ పట్టుకురావాలి? అక్కర్లేదు. ఎక్కడో విదేశాల్లో విద్వాంసులను కూర్చోబెట్టి ఒక్కో స్వరాన్నీ విడివిడిగా, మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి వాయించి రికార్డు చేసి పెట్టారు. వాటిని శాంపిల్స్ అంటారు. ఆ ముక్కలన్నీ నా కంప్యూటర్‌లో ఉన్నాయి. నేను హార్మోనియం లాంటి కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కితే వాళ్ళంతా ఒక్కసారిగా కమాను లాగుతారు. మా అమ్మ దేవకమ్మ మాత్రం దాన్ని "ఆ మోత" అనేది. టీవీలో సీరియల్ మొదలయ్యే టైముకు ఆ మోత ఆపేయాలి.

నాలాంటి పిచ్చివాళ్ళు లోకమంతా ఉన్నారని నెట్ సెంటర్‌లో తెలిసింది. వాళ్ళకొక వెబ్‌సైటు ఉంది. ఎవరు చేసిన సంగీతం వాళ్ళు అందులో పెడతారు, మిగతావాళ్ళు విని నాలుగు ముక్కలు రాస్తారు. నేను ఐదు పెట్టాను. ఒక్కోటి ఎక్కడానికి ముప్పావుగంట పట్టేది, నెట్ సెంటర్ ఆయన నా వంక అనుమానంగా చూసేవాడు. పోలండ్ నుంచి, బ్రెజిల్ నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో జవాబులు వచ్చాయి. "తీగవాద్యాలు భలే ఉన్నాయి, ఏ కంపెనీవి?" "హాలు ప్రతిధ్వని ఎంత పెట్టారు?" "మీ కంప్యూటర్‌కు ర్యామ్ ఎంత?" అందరూ మంచివాళ్ళే. కానీ ఆ సంగీతం విని ఏమనిపించిందో ఒక్కరూ రాయలేదు. బిర్యానీ తిని, గిన్నె ఎక్కడ కొన్నారని అడిగినట్టు ఉండేది నాకు. నా సంగీతాన్ని నిజంగా విన్న మనిషి ఒక్కరు, ఒకే ఒక్కరు, నా కళ్ళ ముందు కావాలనిపించేది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, అంతకు మించిన కోరిక ఇంకేదీ లేదు.

సరే, ఆ మధ్యాహ్నం. పెదనాయన చాప మీద ఒత్తిగిల్లి అడిగాడు.

"ఏం పాపా, ఎవురు వాయించేది ఇది?"

"నేనే పెదనాయనా."

"నువ్వొక్కదానివే ఇంత వాద్దెం మోగిస్తావా?"

నోరు జారింది ఇక్కడే. "ఒక్కదాన్నే ఏంది, అరవై మంది ఉండారు. అందరూ వయొలిన్లే."

పెదనాయన లేచి కూర్చున్నాడు. "అరవై మందా! యాడోళ్ళు?"

"ఫారినోళ్ళు."

"నువ్వు పిలిస్తే వస్తారా?"

"పిలిసేదేంది? నేను యాడికి పోతే ఆడికి వస్తారు."

ఎంత గొప్పగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కంప్యూటర్ ఎదురుగానే ఉంది, పాట అందులోంచే వస్తోంది, ఇంకా విడమరచి చెప్పేదేముందని అనుకున్నాను. ఆయనేమో, రేడియోలో వార్తలు చదివేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉన్నట్టే వీళ్ళూ ఎక్కడో ఉన్నారనీ, తన తమ్ముడి కూతురు వాళ్ళకు మేనేజరు లాంటిదనీ అనుకున్నాడు. పోయిన ఏడు పక్క ఊరివాళ్ళు వాళ్ళ తపస్సుకు తిరుపతి నుంచి బ్యాండు తెచ్చి తెగ మిడిసిపడ్డారు. ఆ మంట ఆయనకు ఇంకా ఆరలేదు.

"అట్లయితే మన తపస్సుకు వాయించాల్సిందే. మూడు వేల మంది వస్తారు పాపా. ఆ పక్కూరోళ్ళ మొగాలు సూడాల నేను."

మూడు వేల మంది! వాళ్ళలో ఒక్కరైనా వినకపోతారా? "మాను ఎక్కేదానికి ఎంత సేపు పడతాది పెదనాయనా?" అని అడిగాను.

"ఎంతసేపు పడతాది? పది పన్నెండు నిమిషాలు."

పన్నెండు రోజులు కూర్చొని పన్నెండు నిమిషాల సంగీతం రాశాను. మొదట ఒకే ఒక్క చెల్లో, అడవిలో ఒంటరిగా. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చేరతారు. మధ్యలో గాలివాన. చివర్లో పాశుపతం దొరికే చోట అరవై మందీ కలిసి ఆకాశానికి ఎత్తేస్తారు. ఊరి హార్మోనియం కుప్పయ్యకు ఫోన్ చేసి అర్జునుడి శ్రుతి కూడా కనుక్కున్నాను. జాగ్రత్తలో నన్ను మించినవాళ్ళు లేరనుకున్నాను.

తపస్సు రోజు పొద్దున పెనుమూరు బస్సెక్కాను. సిపియు ఒళ్ళో, మానిటర్ పక్క సీట్లో, కీబోర్డు దుప్పటిలో చుట్టి కాళ్ళ కింద. మానిటర్‌కు కూడా టికెట్ తీసుకోమని కండక్టర్ పట్టుబట్టాడు. తీసుకుంటే దానికి కిటికీ పక్క సీటే కావాలని నేనూ పట్టుబట్టాను. ఊరి మలుపులో దిగగానే రెండు వేపచెట్లకు అడ్డంగా కట్టిన బ్యానర్ కనిపించింది. "మన జిల్లాలోనే మొట్టమొదటిసారిగా, అరవై మంది విదేశీ వయొలిన్ విద్వాంసులచే అర్జున తపస్సు." దాని కింద పెదనాయన ఫొటో.

సామాను అక్కడే ఒక అరుగు మీద పెట్టి పరుగెత్తాను. బడిలో బెంచీలన్నీ బయట వేసి, లోపల చాపలు పరిచి, మూలకొక నీళ్ళకుండ పెట్టారు. వెనక రేకుల షెడ్డులో పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ వంట చేసే సుబ్బులమ్మత్త గరిటె పట్టుకొని ఎదురొచ్చింది.

"వొచ్చినావా పాపా? మీవోళ్ళు యాడ? లారీలో వస్తా ఉండారా?"

"మావోళ్ళెవురత్తా?"

"అదే, ఆ అరవై మందీ. ఫారినోళ్ళంట గదా, కారానికి తట్టుకోలేరని సాంబారు సప్పగా సేసినా. మీ పెదనాయన పెరుగు వడలు గూడా సెయ్యమన్నాడు. అవన్నా తింటారా?"

పెదనాయన గుడి వెనక మైక్‌సెట్ వాళ్ళ మీద అరుస్తున్నాడు. పక్కకు లాగి ఉన్నదున్నట్టు చెప్పేశాను. వాళ్ళెవరూ రారు, రాలేరు, వాళ్ళు ఎప్పుడో వాయించి వెళ్ళిపోయారు, నా దగ్గర ఉన్నది వాళ్ళ చప్పుడు మాత్రమే. ఆయన తలపాగా విప్పి, మొహం తుడుచుకొని, మళ్ళీ చుట్టుకున్నాడు.

"అంటే అరవై మందీ ఆ డబ్బాలో ఉండారా?"

"డబ్బాలోనే పెదనాయనా."

"ఈ ముక్క ఆ పొద్దే సెప్పొద్దా?"

"నువ్వు సూస్తానే ఉంటివి గదా!"

"నేను సూసినది టీవీ అనుకుంటి గదే!" మూడు వేల మంది ముందు ఆయన పరువు, నాది, రెండూ ఒకే తాడుకు వేలాడుతున్నాయి. ఆయన మైక్‌సెట్ వాళ్ళ టార్పాలిన్‌ల వంక చూశాడు. "తెర కట్టేద్దాం. వినేదానికి వాళ్ళ మొగాలు సూసేదెందుకు? ఫారినోళ్ళకు ఎండ పడదని సెప్తా."

వద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. నాకు నా సంగీతం వినిపించాలి, ఏ అబద్ధం వెనక నుంచయినా సరే.

మానుకు ఇరవై అడుగుల దూరంలో టార్పాలిన్‌లు నిలువునా కట్టారు. వెనక నేను, ఒక బల్ల, కంప్యూటర్, కీబోర్డు. మైక్‌సెట్‌కు వైరు కలిపాను. ఆ పొద్దు హార్మోనియం అక్కర్లేదని చెప్పేసరికి కుప్పయ్య చేతులు కట్టుకొని, నా కంప్యూటర్‌ను పెళ్ళిలో కోపమొచ్చిన మేనమామలా చూస్తూ కూర్చున్నాడు.

మూడింటికి అర్జునుడు వచ్చాడు. వెంకటముని మామ. రక్తసంబంధం లేదు, ఊరి వరసలో మామ. మామిడితోట రైతు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ మాను ఎక్కుతున్నది ఆయనే. కాషాయం కట్టి, మొహానికి రంగు వేసుకొని, మాను చుట్టూ మూడుసార్లు తిరిగి, టెంకాయ కొట్టి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. నేను మౌస్ నొక్కాను.

చెల్లో మొదలైంది. జనం గోల టక్కున ఆగిపోయింది. టార్పాలిన్‌లో ఒక చిరుగు ఉంటే అందులోంచి ఆశగా చూశాను. మూడు వేల మందీ తలలు పైకెత్తి అర్జునుడిని చూస్తున్నారు. నాకు కనిపించినవి గడ్డాలే.

పోనీలే అనుకున్నాను. అంతలో వెంకటముని మామ పద్యం ఎత్తుకున్నాడు. మొదటి మెట్టు మీదే. తీసిన రాగం ఆయన ఓపిక ఉన్నంత దూరం పోయింది. పద్యం ముగియగానే జనం "వన్స్ మోర్!" అని అరిచారు. ఆయన మళ్ళీ అందుకున్నాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. మా నాటకాల్లో వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడాల్సిందే. ఎనిమిదేళ్ళ వయసులో అమ్మ ఒళ్ళో నిద్రపోతూ చూసిన తపస్సు, ఎంతసేపు జరిగిందో నాకేం తెలుసు? మాను ఎక్కడానికి పన్నెండు నిమిషాలని పెదనాయన చెప్పింది నిజమే. ఆయన చెప్పింది ఊరికే ఎక్కితే పట్టే టైము. పాడుతూ ఎక్కితే రెండున్నర గంటలు.

నా వయొలిన్లకు వన్స్ మోర్ తెలియదు. వాళ్ళ దారిన వాళ్ళు పోతున్నారు. ఆయన అడవిలో నెమళ్ళను వర్ణిస్తుంటే ఇక్కడ గాలివాన మొదలైంది. ఆయన రెండో మెట్టు మీద చెమట తుడుచుకుంటుంటే ఇక్కడ అరవై మందీ శివుడిని ప్రత్యక్షం చేశారు, పాశుపతం ఇప్పించేశారు, ధన్ మని ముగించేశారు. ఆ తర్వాత నిశ్శబ్దం. మూడు వేల మంది నిశ్శబ్దం ఎంత బరువుంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

వెంకటముని మామ మూడో మెట్టు ఎక్కాడు. అక్కడి నుంచి ఆయనకు టార్పాలిన్ లోపల ఏముందో కనిపిస్తుంది. ఒక బల్ల, ఒక డబ్బా, ఏడుపు మొహంతో ఒక ఆడపిల్ల. ఆయన నన్ను చూశాడు, డబ్బాను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. ఒక్క మాటతో మా బండారం బయటపెట్టగలడు.

"ఏం పాపా!" అని గట్టిగా అరిచాడు. "అరవై మందీ అన్నానికి పోయినారా? నాకింకా దేవుడు కనబడలేదు, రమ్మను!"

జనం విరగబడి నవ్వారు. కుప్పయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. నాకు కోపమొస్తే ముందు చెవులు వేడెక్కుతాయి. వేడెక్కాయి. పన్నెండు రోజుల నా కష్టం తెర మీద రంగురంగుల గీతల్లా వరసగా ఉంది. దాన్ని మూసేశాను. ఒక్క వయొలిన్లను మాత్రం తెరిచి, కీబోర్డు ముందుకు లాక్కున్నాను. వాయించి చేసిన రికార్డు అయితే దాని దారిన అది పోతుంది. కానీ ఆ స్వరాలు నా వేళ్ళ కిందే ఉన్నాయి. మెట్టు నొక్కిపెడితే వదిలేదాకా మోగుతూనే ఉంటాయి. ఆ అరవై మందికీ చెయ్యి నొప్పి పుట్టదు, ఆకలి వేయదు. వెంకటముని మామ ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడతారు.

ఆయన మూడో మెట్టు పద్యం అందుకున్నాడు. నేను కింది స్వరం ఒక్కటే, వినీ వినపడనట్టు పట్టుకున్నాను. ఆయన రాగం సాగదీశాడు, నేను ఆగాను. ఆయన ఒక్కసారి కిందికి చూసి, సాగదీసినదాన్ని ఇంకొంచెం సాగదీశాడు. నన్ను పరీక్షిస్తున్నాడు! పళ్ళు బిగబట్టి పట్టుకున్నాను. వన్స్ మోర్ అన్నారు. నాకూ వన్స్ మోర్ అయింది. నాలుగో మెట్టుకు కుప్పయ్య నవ్వడం మానేశాడు. ఐదో మెట్టుకు నా బల్ల పక్కకు జరిగి, ముందు రాబోయే పద్యం ఏ రాగమో చెవిలో చెప్పసాగాడు.

ఆరో మెట్టు దగ్గర అర్జునుడు అడవిలో వదిలి వచ్చిన ద్రౌపదిని, అన్నదమ్ములను తలచుకొని ఏడుస్తాడు. అక్కడ నాకు తెలిసిన దుఃఖమంతా వేళ్ళలోకి తెచ్చి అరవై మందిచేతా ఏడిపించాను. ఏడో మెట్టు, ఎనిమిదో మెట్టు. ఇంక లెక్క మరిచిపోయాను. ఆయన పాదాలు, ఆయన గొంతు తప్ప లోకంలో ఇంకేమీ లేవు. ఆయన ఊపిరి తీస్తే నేనూ తీశాను. చిరుగులోంచి మొహాలు చూడాలన్న ధ్యాసే పోయింది. ఆయన మంచె ఎక్కి రెండు చేతులూ పైకెత్తినప్పుడు "గోవిందా" అని ఊరు ఊరంతా అరిచింది. నిమ్మకాయలు గాల్లో పసుపుపచ్చగా మెరుస్తూ వచ్చాయి. పది వేళ్ళూ కీబోర్డు మెట్ల మీద వాల్చి, చేతనైనంత గట్టిగా వాయించాను.

ఆపి చూస్తే నా ముందు టార్పాలిన్ లేదు. సాయంకాలం గాలికి తాడు తెగి ఎప్పుడో కింద పడిపోయిందట. నేను, నా డబ్బా, మూడు వేల మంది ఎదుట బట్టబయలుగా ఉన్నాం. అటు తిరిగి చూసినవాళ్ళే లేరు. "నేను సూసినా," అని పెదనాయన తర్వాత చెప్పాడు. "మళ్ళా కట్టించే ఓపిక లేక వొదిలేసినా." ఆ తర్వాత ఆయన చుట్టూ జనం మూగి, ఫారినోళ్ళు ఏరి అని నిలదీశారు. ఆయన తడుముకోకుండా, మా పాప ఒక్కతే అరవై మంది పెట్టు అని చెప్పి, వాళ్ళందరినీ భోజనానికి తోలుకుపోయాడు. చప్పటి సాంబారు ఊరంతా తిట్టుకుంటూ తినింది.

నేను బడి అరుగు మీద కూర్చున్నాను. విస్తరి ముందున్నా ముద్ద ఎత్తలేకపోయాను. వచ్చిపోయేవాళ్ళు "బాగా మోగింది పాపా," "కంప్యూటర్ ఎంతయింది?" "ఏ కంపెనీది?" అంటున్నారు. పోలండ్ అయినా పెనుమూరు అయినా మనుషులంతా ఒకటే అనుకున్నాను. ఏడుపొచ్చింది. అంత చేసీ, విన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

వెంకటముని మామ విస్తరితో వచ్చి నా ఎదుట బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. మొహం సగమే కడుక్కున్నాడు, ఒక చెంప మీద రంగు అలాగే ఉంది. రెండు ముద్దలు తిన్నాక తల ఎత్తాడు. బాగుందని అంటాడేమోనని చూశాను.

"ఆరో మెట్టుకాడ తప్పు సేసినావు," అన్నాడు.

"ఏం తప్పు మామా?" అన్నాను.

"నాకంటే ముందే ఏడ్సేసినావు నువ్వు. అర్జునుడు వొచ్చే దుక్కాన్ని మింగతా ఉండాడు ఆడ. 'ద్రౌపదీ' అనేదాకా మింగతానే ఉండాల. నువ్వేమో ముందే బోరుమంటివి. ఇంక నేను ఏడ్సేదానికి ఏం మిగిలింది? తొమ్మిదో మెట్టుకాడ బాగుండాది. ఆడ నువ్వు వాయించకుండా ఆపేసినావే, అది భలే పని. నాకు ఒళ్ళు పులకరించింది. ఆరో మెట్టు మాత్రం సెడగొట్టినావు."

తొమ్మిదో మెట్టు దగ్గర నేను ఆపానని నాకే తెలియదు. ఆయన యాభై అడుగుల మాను మీద, ఎండలో, పద్యం పాడుతూ, మొక్కులవాళ్ళను చూసుకుంటూ, నేను వాయించిన ప్రతి స్వరమూ విన్నాడు. ఎక్కడ తొందరపడ్డానో, ఎక్కడ ఊరుకున్నానో అన్నీ విన్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సంతోషంతో ఏడ్చాను, సిగ్గు లేకుండా, విస్తరి ముందు కూర్చొని.

"ఏడ్సొద్దు పాపా, నేర్సుకో," అన్నాడాయన కంగారుగా. "ఎల్లుండి కార్వేటినగరం దగ్గర ఒక పల్లెలో ఎక్కతా ఉండా. ఆడికి రా. సూడు, ఇట్ల."

ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకొని, గొంతు తగ్గించి, ఆరో మెట్టు పద్యం ఎత్తుకున్నాడు. నేను కళ్ళు తుడుచుకొని, అరుగు అంచు మీద వేళ్ళు ఆనించాను. కీబోర్డు లేదు, కంప్యూటర్ లేదు, వట్టి బండ. మొదటి పాదం పోయింది, రెండోది పోయింది. నా వేళ్ళు లేవబోయాయి. ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి, నేను ఆగాను. మూడో పాదంలో ఆయన గొంతు తడబడి మళ్ళీ నిలదొక్కుకుంది. అయినా ఆగాను. ఆయన "ద్రౌపదీ" అన్నాడు, ఆ మాట సగంలో విరిగింది. అప్పుడు నొక్కాను.

"ఆఁ," అన్నాడు వెంకటముని మామ. "ఇప్పుడు."